దూడకు ముర్రుపాలు చాలాయా? రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు

పుట్టిన వారం పది రోజుల్లో దూడ పారుడుతోనో, న్యుమోనియాతోనో చనిపోతే దిష్టి తగిలిందనో, వాతావరణం పడలేదనో సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అసలు కారణం మొదటి రోజు ముర్రుపాలు చాలకపోవడమే. ఈ సంగతి దూడ రక్తంలోని ప్రొటీన్లను పరీక్షిస్తే తెలుస్తుంది.

సీరం ప్రొటీన్లు అంటే ఏమిటి?

రక్తాన్ని గాజు గొట్టంలో కదపకుండా ఉంచితే గడ్డకట్టి, పైన లేత పసుపు రంగు ద్రవం తేలుతుంది. అదే సీరం. ఇందులో ముఖ్యంగా రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి.

• ఆల్బుమిన్: కాలేయంలో తయారవుతుంది. రక్తనాళాల్లోని నీరు బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది.
• గ్లోబ్యులిన్లు: వీటిలో రోగాలను ఎదుర్కొనే యాంటీబాడీలు ఉంటాయి.

ఆవు, గేదె కడుపులో ఉన్న దూడకు తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా అందవు. ముర్రుపాల ద్వారానే అందాలి. దూడ పేగు వాటిని యథాతథంగా రక్తంలోకి పీల్చుకునేది మొదటి 24 గంటలే. ఆ శక్తి కూడా గంట గంటకూ తగ్గిపోతుంది.

పరీక్ష ఎప్పుడు, ఎలా?

దూడ పుట్టిన 24 గంటల తర్వాత, వారం లోపు రక్తం తీయించాలి. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంపై ఒక చుక్క సీరం వేసి మొత్తం ప్రొటీన్ చూస్తారు. ఆవు దూడలో 100 మి.లీ. సీరంలో 5.2 గ్రాములు, అంతకు మించి ఉంటే ముర్రుపాలు బాగా అందినట్లే. తక్కువైతే రోగాల ముప్పు ఎక్కువ. పారుడుతో ఒంట్లో నీరు తగ్గిన దూడలో అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి పారుడు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

రైతులు చేయవలసినవి

• మాయ పడేదాకా ముర్రుపాలు తాగించకూడదన్నది అపోహ. దూడ కుడిస్తే మాయ పడడానికి సాయం అవుతుంది.
• పుట్టిన గంట, రెండు గంటల్లోపే మొదటిసారి తాగించాలి.
• మొదటి రోజు దూడ బరువులో పదో వంతు ఇవ్వాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా.
• జున్ను కోసం పాలు తీసేముందు దూడ వాటా పూర్తయిందో లేదో చూసుకోవాలి.
• బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి.

ప్రొటీన్ తక్కువని తేలితే, రోజు దాటాక ఎన్ని ముర్రుపాలు పట్టినా ఆ లోటు తీరదు. అలాంటి దూడను పొడిగా, శుభ్రంగా ఉన్న చోట విడిగా కట్టాలి. పారుడు, దగ్గు, బొడ్డువాపు కనిపించిన రోజే పశువైద్యుడికి చూపించాలి.