తెలుగునాట సువార్త పఠనం

యేసు ఎలాంటివాడో తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలు. ఆయన గుణాలను ఇవి విశేషణాలతో వర్ణించడం తక్కువ. ఆయన ఏం చేశాడో, ఎవరితో ఎలా మాట్లాడాడో చెబుతాయి. అందుకే పండితునికీ పామరునికీ ఈ పుస్తకాలు సమానంగా అందాయి.

తెలుగులో బైబిలు అనువాదానికి తొలి కృషి జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్‌ది. 1726లో మద్రాసు చేరిన ఆయన తెలుగు నేర్చి బైబిలును అనువదించాడు. తర్వాత జర్మనీలోని హాలె నగరంలో కొన్ని చిన్న క్రైస్తవ పుస్తకాలను తెలుగులో అచ్చువేయించినా, బైబిలు అనువాదం మాత్రం రాతప్రతిగానే మిగిలిపోయింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ మళ్లీ ఆ పనికి పూనుకున్నారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు వారికి తోడ్పడ్డాడు. 1810 నాటికి ఆ ఇద్దరు మిషనరీలూ మరణించారు. వారి కృషి ఫలితంగా మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

పుస్తకం వచ్చినా చదవగలిగినవారు కొద్దిమందే. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున 2,222 మంది ఒకే రోజు బాప్తిస్మం పొందారు. కరవు కాలంలో ఒంగోలు ప్రాంతంలో సాగిన ఈ క్రైస్తవ మతస్వీకార ఉద్యమంలో చేరినవారిలో ఎక్కువమంది అక్షరం రాని మాదిగలు. అలాంటి పల్లెల్లో పంతులు చదివితే మిగతావారు వినేవారు, కథలూ వాక్యాలూ కంఠతా పట్టేవారు. ఇళ్లు దాటి రాని స్త్రీలకు ‘బైబిలు స్త్రీలు’ అని పిలిచే మిషన్ ప్రచారకురాళ్లు చదివి వినిపించేవారు. పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలు ఆ మాటలను పాటగా నాలుకపై నిలిపాయి.

ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేనివారు, యూదులు దూరం పెట్టిన సమరయ స్త్రీని యేసు దాహమడిగాడని విన్నారు. అంటరానివారన్న ముద్ర మోసినవారు, కుష్ఠరోగిని ఆయన చేయి చాపి ముట్టాడని విన్నారు. గురువై ఉండి శిష్యుల పాదాలు కడిగాడనీ, స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడనీ విన్నారు. తమ బతుకుకు ఇంత దగ్గరగా ఉన్న ఈ సంఘటనల్లో వారికి యేసు స్వభావం వివరణ అక్కర్లేకుండా బోధపడింది.

ఈ పరిచయం చర్చి గోడల మధ్యే ఆగలేదు. కవి గుర్రం జాషువా యేసు జీవితాన్ని పద్యకావ్యంగా మలిచిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

యేసును తెలుగువారికి ఎరుకపరచిన ఘనత అనువాదకులది ఎంతో, చదువు రాకపోయినా వాక్యాన్ని విని గుర్తుంచుకుని బిడ్డలకు అప్పగించిన పల్లె జనానిదీ అంతే.