ఎలుగు వేటయు, దగ్గరి తుపాకియు

మన యిండ్లలో పిల్లలు ప్రక్కలో వేసికొని నిదురించు ఎలుగుబొమ్మకు ‘టెడ్డీ’ యను పేరు అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్టు ముద్దుపేరునుండి వచ్చినదని పాఠకులలో పలువు రెరుగుదురు. 1902 నవంబరులో మిసిసిపి రాష్ట్రమున, చెట్టునకు కట్టివేయబడిన యెలుగును కాల్చుటకు ఆయన నిరాకరించెననియు నెరుగుదురు. కాని ఆ యెలుగును కట్టినవా డెవడు? చేతిలో తుపాకి యుండగా కాల్చక యేల కట్టెను? ఈ ప్రశ్నలను మేము తడవుచు పోగా, దగ్గరివేటకు తుపాకి నెన్నుకొను విషయమే ఒక చరిత్రగా కనబడినది. ఆ చరిత్రలో ఇనుమును, మందును మాత్రమే గాక మనుష్యుల తారతమ్యములును ఉన్నవి.

మిసిసిపి, యాజూ నదుల నడుమనున్న ఒండ్రుమట్టి మైదానమును అచటివారు డెల్టా యందురు. పందొమ్మిదవ శతాబ్దమున అందలి పల్లపునేలలు మహావృక్షములతోను, వెదురుజాతికి చెందిన యొక సన్నని మొక్కతోను నిండియుండెను. ఆ వెదురు రెండు నిలువుల యెత్తునకు మించి పెరిగి, కాండమును కాండము ఒరసికొనునట్లు దట్టముగా నల్లుకొనియుండెను. వేటగాడు కత్తితో దారి నరకికొనుచు పోవలసినదే. జాగిలములు ఎలుగును చుట్టుముట్టి మొరుగుచుండ, ఆ ధ్వని ననుసరించి యతడు ప్రాకి చేరువేళకు జంతువు కొలది యడుగుల దూరముననే యుండెడిది. పెద్దమృగమునకు దూరము పోవు పెద్దతుపాకి కావలెనని మనము సాధారణముగా తలంతుము. అచట నాలుగువందల గజముల దూరమున గురి తప్పని తుపాకి వట్టి దండుగ.

తొలితరమువారి పొడుగు గొట్టపు రైఫిలు, మూతినుండి మందును గుండును దట్టింపవలసినది. దాని దెబ్బ యొక్కటే. తిరిగి దట్టించువరకు గాయపడిన యెలుగు ఓపిక పట్టి నిలువదు గదా! అందుచేతనే నాటి వేటగాండ్ర నడుమున పెద్దకత్తి వ్రేలాడుచుండెను. 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంటు పొందిన తుపాకి ఈ యిబ్బందిని తీర్చెను. క్రిందనున్న మీటను ముందునకు త్రోసి వెనుకకు లాగినంతనే కాలిన తూటా బయటపడి క్రొత్తది గొట్టమున చేరును. పదునారు తూటాలను వరుసగా కాల్పవచ్చును. కాని దాని గుండు తేలిక, బలము తక్కువ. 1873లో వచ్చిన వించెస్టరు తుపాకి 44-40 తూటాకును 200 గ్రెయినుల గుండే, అనగా మన తులముకంటె కొంచెము మాత్రమే యెక్కుడు. జింకకు చాలును, క్రొవ్వుపట్టిన యెలుగు భుజపుటెముకను విరిచి లోనికి పోవునని నమ్ముటకు వీలులేదు.

ఆ 1873లోనే అమెరికా సైన్యము స్వీకరించిన 45-70 తూటా వేరుజాతిది. దాని గుండు 405 గ్రెయినులు, రెండుంబావు తులముల సీసము. సెకనునకు సుమారు 1,350 అడుగుల వేగముతో పోవును. నేటి రైఫిళ్ల ప్రక్కన ఇది మందగమనమే. అయినను దగ్గరివేటలో ఆ బరువే ప్రయోజనకారి యయ్యెను. సైనికుల తుపాకిలో ఒక్కొక్క తూటానే పెట్టవలసియుండగా, 1881లో మార్లిన్ కంపెనీవారు దీనిని మీటతుపాకిలో నిమిడ్చిరి. 1886లో జాన్ బ్రౌనింగు కల్పనతో వించెస్టరువారు మరింత దృఢమైన యంత్రమును చేసిరి. బరువైన గుండును, త్వరితమైన రెండవ దెబ్బయు ఒక్కచోట కలిసెను.

ఒక్క చిక్కు మిగిలెను, అది పొగ. నల్లమందు కాలినప్పుడు తెల్లని మేఘ మొకటి లేచును. బయటిమైదానమున గాలి దానిని కొట్టుకొనిపోవును. గాలి సోకని వెదురుపొదలో అది వ్రేలాడుచు నిలుచును. ఆ తెరకు ఆవల ఎలుగు పడినదో, లేచి వచ్చుచున్నదో వేటగానికి తెలియదు. తుపాకి నెన్నుకొనుటనుగూర్చి వ్రాయువారు గుండు బరువును, వేగమును లెక్కింతురుగాని, ఈ పొగను తరచుగా మరతురు. 1894 నమూనా వించెస్టరు తుపాకికి 1895లో 30-30 తూటా వచ్చెను. ఇది పొగలేని మందుతో అమెరికాలో వేటకై వెలసిన తూటాలలో మొదటిది. గుండు మునుపటి దానిలో సగమైనను లేదు. వేగము మాత్రము చాల హెచ్చెను. తుపాకి పొట్టిది, తేలికది, గుఱ్ఱపు జీనుప్రక్కను ఇముడునది. ఈ నమూనా డెబ్బదిలక్షలకు పైగా తయారయ్యెను. న్యూహేవెన్ కర్మాగారమున దాని తయారీ 2006లో ఆగినది.

దగ్గరివేటకు ఎట్టి తుపాకి తగునని యడిగినచో, ఈ యనుభవములనుండి ప్రత్యుత్తరము వచ్చును. ఎలుగు దేహమున దట్టమైన రోమమును, దాని క్రింద క్రొవ్వును ఉండుటచే చిన్నగాయము మూసికొనిపోవును; నెత్తురు నేల రాలక రోమముననే యింకును. జాడ దొరకని యెలుగు ఏ పొదలోనో దినముల తరబడి బాధపడి చచ్చును. కావున గుండు లోనికి పోయి ఆవలిప్రక్కను వెలువడుట మేలు. మిక్కిలి వేగముగా పోవు మెత్తని గుండు దగ్గరలో ఎముకకు తగిలి పైపైననే పగిలిపోవచ్చును. పొదలో త్రిప్పుటకు గొట్టము పొట్టిదై యుండవలెను. దూరదర్శినీ గాజు కంటెను విశాలముగా కనబడు సాదా గురి మేలు. పది యడుగులలో గాజునుండి చూచువానికి నల్లనిరోమము తప్ప ఏ భాగమో తెలియదు. బరువైన గుండు కొమ్మలకు తగిలినను దారి తప్పదని పలువురు నమ్మిరి. ఇది భ్రమ, ఏ గుండైనను తప్పును. సందు దొరకువరకు ఆగుటకు మారుగా ఏ తుపాకియు లేదు.

ఆగుటయం దారితేరినవాడు హోల్ట్ కాలియరు. ఇతడు 1840 దశాబ్దమున మిసిసిపిలో హైండ్సు కుటుంబమునకు బానిసగా పుట్టెను. బాల్యముననే యజమానుని భోజనశాలకు మాంసము తెచ్చుటకై చేత తుపాకి నుంచిరి. బానిసకు అక్షరము నేర్పుటకు జంకినవారు, తమ కడుపు నిండుట కొఱకు తుపాకి నేర్పుటకు జంకలేదు! అంతర్యుద్ధమున నితడు బానిసత్వమును నిలుపబూనిన దక్షిణపక్షముననే యజమానుని వెంట పోయెను. దీనినిబట్టి ఆ యవస్థ అతనికి హితమైనదని వాదించువారు, బానిసకు దారులెన్ని యుండెనో ముందు చెప్పవలెను.

యుద్ధము ముగిసి బానిసత్వము పోయిన 1865లోనే మిసిసిపి శాసనసభ యొక చట్టము చేసెను. విడుదలపొందిన నల్లజాతివారెవరును, సైన్యమున లేనిచో, లైసెన్సు లేక తుపాకినిగాని, మందునుగాని, పెద్దకత్తినిగాని దగ్గర నుంచుకొనరాదని దాని శాసనము. యజమానుని కొఱకు పట్టిన తుపాకి పుణ్యము. తనకొఱకు పట్టినది నేరము. మన దేశమున 1878 నాటి ఆయుధచట్టము క్రింద ఐరోపావారికి మినహాయింపు నిచ్చి, భారతీయులను లైసెన్సునకు త్రిప్పిన కథ నెరిగినవారికి ఇది వింతగా తోచదు. అట్టి రాష్ట్రమున కాలియరు వేటనే వృత్తిగా చేసికొని, రైలుమార్గములు వేయు శిబిరములకును, కలప నరకు శిబిరములకును ఎలుగుమాంస మమ్మి బ్రతికెను. మూడువేలకు పైగా నెలుగులను చంపెనని ప్రతీతి.

1902 నవంబరు 14వ తేదీన ఆన్‌వర్డు గ్రామసమీపమున రూజ్‌వెల్టు వేటకు కాలియరే నాయకుడు. అధ్యక్షుని యొకచోట నిలిపి, ఎలుగును అటు తోలుకొని వత్తునని యతడు పోయెను. నిరీక్షించి విసిగిన అధ్యక్షుడు భోజనమునకు వెడలెను. ఇంతలో జాగిలములు ఎలుగును నీటిగుంటలో నిలిపెను. అది తిరుగబడి యొక జాగిలమును చంపెను. మొదటి దెబ్బ అధ్యక్షునికే విడువవలెనని కట్టడి. కాల్చినచో అతిథివేట చెడును, కాల్పకున్న తక్కిన జాగిలములు చచ్చును. కాలియరు తుపాకిని కఱ్ఱవలె నెత్తి ఎలుగు తలపై మోది, త్రాడు వైచి చెట్టునకు కట్టెను. దగ్గరివేటకు తుపాకి యెట్లుండవలెనని మేము పైన వ్రాసినదంతయు ఆ క్షణమున నిష్ప్రయోజనమే; అతనికి కావలసినది దాని బరువు మాత్రమే.

రూజ్‌వెల్టు వచ్చి, కట్టిన మృగమును కాల్చుట వేటకాదనెను. బాధ తీరునట్లు చంపివేయుడనగా దానిని కత్తితో చంపిరి. రెండుదినములకు క్లిఫర్డు బెరీమను వాషింగ్టన్ పోస్టు పత్రికలో వేసిన వ్యంగ్యచిత్రముతో అధ్యక్షుని దయ దేశమంతట ప్రాకెను. ఎలుగు మాత్రము బ్రతుకలేదు. ఈ ముక్క బొమ్మల కథలో వినబడదు. 1907లో రూజ్‌వెల్టు లూసియానాలోని టెన్సాస్ వాగు ప్రాంతమునకు పోయి, కాలియరు తోడ్పాటుతోనే వెదురుపొదలో దగ్గరనుండి యొక యెలుగును చంపెను. ఆ పిమ్మట 1886 నమూనా వించెస్టరు నొకదానిని కాలియరునకు బహూకరించెనని చెప్పుకొందురు.

మంచి తుపాకులు చౌకయగుటయు, అడవి నరకి ప్రత్తిచేలు వేయుటయు ఒక్కకాలముననే జరిగెను. 1932లో మిసిసిపి ప్రభుత్వము ఎలుగువేటను నిషేధించునప్పటికి ఆ రాష్ట్రమున మిగిలినవి పండ్రెండుకు లోపే యని యంచనా. లూసియానా నల్ల ఎలుగును 1992లో అపాయమున నున్న జాతిగా కేంద్రప్రభుత్వము ప్రకటించి, సంఖ్య కోలుకొనిన మీదట 2016లో ఆ జాబితానుండి తీసివేసెను. 2024 డిసెంబరులో లూసియానాలో ముప్పదియైదేండ్లకు మించిన విరామము పిమ్మట పరిమితముగా వేట తెరచిరి.

కాలియరు 1936లో మరణించెను. 2004లో మిసిసిపి డెల్టాలోని యొక వన్యప్రాణి రక్షితస్థలమునకు అతని పేరు పెట్టిరి. అమెరికాలో నల్లజాతివాని పేర వెలసిన జాతీయ రక్షితస్థలములలో మొదటి దదియే.