దాచినవారే జాడ చెప్పు వేట

నిజామాబాదునుండి బోధనుకు పోవు బస్సు ఇంచుమించు సగము దారి గడచునప్పటికి ఒక గీతను దాటును. ఆ గీత కంటికి కనబడదు. దానికి కంచె లేదు, పలక లేదు. కండక్టరు దాని పేరు పిలువడు. అది 78వ తూర్పు రేఖాంశము. నిజామాబాదు దానికి కొలదిగా తూర్పున, బోధను కొలదిగా పడమట ఉన్నవి. రెండు పట్టణములును సుమారు 18 డిగ్రీల 40 నిమిషముల ఉత్తర అక్షాంశముమీదనే యున్నవి. చెరకు బండ్లు ఏండ్ల తరబడి ఈ గీతను అటునిటు దాటినవి. బండివానికి దానితో పని లేకపోయెను.

ఇట్టి అంకెలను చేతబట్టుకొని ఆడు వేట యొకటి ఇప్పుడు లోకమంతట వ్యాపించినది. దానిని జియోక్యాషింగు అందురు. ఒకడు చిన్న డబ్బాను ఎచ్చటనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను అందరికిని ప్రకటించును. వేరొకడు ఆ అంకెల ననుసరించి వచ్చి, చెట్టు మొదలో బండ సందులో వెదకి, డబ్బా తెరచి, అందలి పుస్తకమున తన పేరును తేదీని వ్రాసి, దానిని మరల ఉన్నచోటనే ఉంచి పోవును. ఇందు ధనము లేదు, పందెము లేదు. పెద్దవారి దాగుడుమూతలని నవ్వువారు నవ్వవచ్చును. కాని దీని వంశమును తరచి చూచినచో అందొక శాఖ మన ప్రాంతముమీదుగనే నడచినది.

ముందుగా మనకు తెలిసిన వేటను చెప్పుకొందము. లంకెబిందెల కథలు వినని ఇల్లు తెలుగునాట లేదు. సొమ్ము దాచుకొనుటకు బ్యాంకులు లేని కాలము. దండు వచ్చుచున్నదన్న వదంతి పుట్టగానే నగలును నాణెములును గోడలోనికో పెరటిలోనికో పోయెడివి. దాచినవాడు తిరిగి రానినాడు అది గుప్తనిధి యయ్యెను. ఈ దాపరికమునకు రహస్యమే కాపలా. జాడ తెలిసినవాడు ఒక్కడే, వానితోడనే జాడయు మాయము. అందుచేతనే అంజనము వేయువారికిని, పాము కాపలా యున్నదని చెప్పువారికిని గిరాకి కలిగినది. బ్రిటిషు ఇండియాలో 1878లో దీనికొక చట్టము వచ్చెను. పది రూపాయలకు మించిన వెలగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలెను. సొంతదారు తేలనిచో, వేరొక ఒడంబడిక లేనప్పుడు, మూడు పాళ్లు దొరికినవానికి, ఒక పాలు భూమి సొంతదారునకు. హైదరాబాదు సంస్థానమునకు తన నిబంధన వేరుగా నుండెను.

చట్టము ఒకటి, ఆశ ఒకటి. పాడుపడిన గుడిలో నంది ప్రక్కకు దొర్లియుండుట, గర్భాలయమున గొయ్యి తవ్వియుండుట మనకు క్రొత్త దృశ్యములు కావు. తవ్వినవానికి దొరికినది చాలమారులు మట్టియే. పోయినది మాత్రము తిరిగి రాదు. ఎందుకనగా చరిత్రకారునకు వస్తువుకంటె అది పడియున్న చోటు ముఖ్యము. నిజామాబాదు జిల్లాను ఒరసికొని పోవు గోదావరియే దిగువన కోటిలింగాల చేరును. శాతవాహన వంశపు తొలి రాజుగా పురాణములు చెప్పు వాని నాణెములు అచ్చట దొరకినవి. ఆ నాణెములే ఏ అంగడిలోనో, ఎచ్చటివో తెలియకుండ కనబడియున్నచో కంచు సీసముల ముక్కలకంటె కొంచెమే మేలు. అవి ఆ గట్టుమీద దొరకినవని తెలిసినందుననే శాతవాహనుల తొలినాళ్ల చర్చలో తెలంగాణమునకు పీట పడెను. బోధననగా అశ్మకుల పోదనమని పండితులు పలువురు చెప్పుదురు. అట్టి ఊరి చుట్టుప్రక్కల గడ్డపార దింపువాడు ఏమి చెరచుచున్నాడో వానికే తెలియదు.

ఇక రెండవ విధపు దాపరికము. ఇందు దాచినవారు రహస్యమును కోరలేదు. జాడను అచ్చువేసి పంచిరి.

1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టను అను సైనికోద్యోగి మద్రాసులో సెయింటు థామసు కొండ చెంత ఏడున్నర మైళ్ల నేలను గొలుసుతో కొలువ మొదలిడెను. ఒక్క భుజము సరిగా కొలిచినచో, ఆపైన కొండనుండి కొండకు కోణములు మాత్రము చూచుకొని త్రిభుజములు అల్లుకొనుచు పోవచ్చును. ప్రతి అడుగును గొలుసు వేయనక్కరలేదు. కోణములు చూచు థియొడొలైటు అరటన్ను బరువు. అది ఇంగ్లండునుండి వచ్చుచు ఫ్రెంచివారికి చిక్కి మారిషసుకు పోయి, వారి మర్యాదవలన తిరిగి వచ్చినది. 1808లో తంజావూరు గోపురముమీదికి ఎత్తుచుండగా గోడకు తగిలి వంగిపోయెను. లాంబ్టను గుడారములో కూర్చుండి వారములకొలది దానిని సరిచేసెను. ఈ త్రిభుజముల వరుస కన్యాకుమారినుండి హిమాలయపు పాదముల వరకు 78వ రేఖాంశము చెంతగా సాగినది. దానినే మహాచాపమందురు. 1815లో బీదరు చేరువ దామరగిద్దవద్ద మరియొక భుజమును కొలిచిరి. 1818 చివర హైదరాబాదులో లాంబ్టనుతో కలిసిన జార్జి ఎవరెస్టు, మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పరివారముతో సహా జ్వరమున పడెను. ఆ ప్రయాణమున ప్రాణములు పోయినవి. తరువాత ఆయన ఆరోగ్యమునకై ఆఫ్రికా కొన వరకు పోవలసివచ్చెను. లాంబ్టను 1823 జనవరిలో, పని ముగియకుండగనే, హింగనఘాటులో చనిపోయెను. 1830లో ఎవరెస్టు అచ్చువేసిన గ్రంథము 18 డిగ్రీల 3 నిమిషములనుండి 24 డిగ్రీల 7 నిమిషముల వరకు గల చాపమును గూర్చినది. మన బోధను అక్షాంశము ఆ నిచ్చెనలో అడుగు మెట్ల దగ్గరనే వచ్చును.

ఇది పరోపకారమునకై చేసినది కాదు. నేలను కొలిచినవాడే శిస్తు కట్టించును, దండు నడిపించును. అయినను వారు వదలిపోయిన ఒక అలవాటు మంచిది. కోణము చూచిన ప్రతి చోటను బండమీదనో పాతిన రాతిమీదనో ఒక చుక్క, దాని చుట్టు ఒక వలయము చెక్కిరి. దానిపై రాళ్లు పేర్చి మరుగుపరచిరి. పిమ్మట ఆ కొండ ఏ ఊరికి ఏ దిక్కున ఎంత దూరమో వ్రాసియుంచిరి; నూరేండ్లకు వచ్చు ఉద్యోగి ఆ వ్రాత చూచుకొని పోయి అదే చుక్కను కనుగొనవలెను. ఆ రాతి విలువ కాసుకు కొరగాదు. దానిక్రింద ధనమున్నదని పెల్లగించినవానికి రాయి తప్ప దొరకదు. కాని అది కదలినంతనే దానిమీద ఆధారపడిన లెక్క చెడును.

చెరకు సీమకును ఇట్టి గుర్తులతో చుట్టరికము కలదు. మంజీరమీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీరు అతి స్వల్పమైన వాలుమీద కాలువలో జారి రావలెను. మట్టము తప్పినచో నీరు రాదు. కావున ఇంజనీర్లకు ఎత్తులు తెలిసిన స్థిరమైన గుర్తులు కావలసివచ్చెను. వారి భాషలో అవి బెంచిమార్కులు. ఆ కొలతల వెంట నీరు, నీటి వెంట చెరకు, చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టు శక్కరునగరు వచ్చినవి. 2015 డిసెంబరులో గానుగ ఆగిపోయెను. గొట్టములను పాతసామానుగా తూచి అమ్మవచ్చును. గుర్తురాయిని ఎవడు తూచును? పునాదులు తవ్వుచు, రోడ్డు వెడల్పు చేయుచు దానిని తెలియకయే తీసివేయుదురు.

ఇప్పుడు ఆటకు వచ్చెదము. వార్తలకు ముందు రేడియోలో వినబడు గడియారపు సంకేతమును మీరందరు ఎరుగుదురు. నాలుగు దూరపు కేంద్రములు ఒకే క్షణమున అట్టి సంకేతము పలికినవనుకొనుడు. దగ్గరిది ముందు, దూరపుది కొంచెము వెనుక చేరును. ఆ ఆలస్యములను కొలిచినచో మీరెచ్చట నున్నారో గణించవచ్చును. జి.పి.ఎస్. చేయు పని యిదియే. ఇరువదినాలుగుకు పైబడిన ఉపగ్రహములు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, పరమాణు గడియారముల కాలమును రేడియో తరంగములమీద పంపుచున్నవి. ఏర్పాటు అమెరికా సైన్యముది. కావున ప్రజలకు అందు సంకేతమును ఉద్దేశపూర్వకముగా చెరచి పంపెడివారు. లెక్క నూరు మీటర్లవరకు తప్పెడిది. 2000 మే 1వ తేదీన అధ్యక్షుడు క్లింటను ఆ చెరుపును ఆపించెను. ఒక్క రాత్రిలో తప్పు పదిమీటర్ల సుమారునకు తగ్గెను.

మే 3వ తేదీన డేవు అల్మరు అను నతడు ఒరెగాను రాష్ట్రమున బీవర్‌క్రీకు చేరువ అడవిలో ఒక నల్ల బక్కెట్టు నుంచి, దాని అంకెలను ప్రకటించెను. అందు పుస్తకములు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా, వచ్చినవారు పేరు వ్రాయుటకు పుస్తకము, పెన్సిలు ఉన్నవి. ఏదైన తీసికొనుడు, ఏదైన ఉంచిపొండు అని నియమము. ఈనాటి నియమములలో చిక్కుడు డబ్బాకు చోటు లేదు. తినుబండారమునకు జంతువులు వచ్చునట! ఆ నెలలోనే ఆటకు పేరు పడెను. ఇంగ్లండులో డార్టుమూరు బీడుభూములలో 1854నుండి ఇట్టిదే యొక వాడుక కలదు. దారి చూపు జేమ్సు పెరట్టు అనునతడు క్రాన్‌మియరు మడుగు చెంత ఒక సీసా నుంచగా, అంతదూరము నడచివచ్చినవారు అందు తమ చీట్లు వేసి పోయెడివారు.

నేడు 190కి పైగా దేశములలో ముప్పది లక్షలకు మించి డబ్బాలున్నవి. 2008లో ఒకదానిని అంతరిక్ష కేంద్రమునకే కొనిపోయిరి. నాకు సంఖ్యలకంటె ఈ బృందపు తీరు వింతగా తోచును. దాచినవాడును దొరికించుకొన్నవాడును ఒకరి నొకరు చూడరు. పుస్తకములోని చేవ్రాలే పరిచయము. స్థలము సొంతదారుని అనుమతి అడుగవలెను. నేలను తవ్వి పాతుట సాధారణముగా ఒప్పరు. 2002నుండి, వెదకపోయినచోట చెత్త నేరుకొని వచ్చు వాడుక కూడ ఏర్పడెను. వీరిలో కొందరు డబ్బాలను వదలి, పాత సర్వే గుర్తులనే వెదకిరి. రాయి ఉన్నదో, విరిగినదో, కనబడలేదో తెలిపిరి. అమెరికా సర్వేశాఖ ఆ వార్తలను తన పట్టికల కెక్కించుకొన్నది. జీతము లేని ఉద్యోగులు!

మన గుర్తులకు ఇట్టివారు కావలసిన కారణమొకటి కలదు. ఎవరెస్టు పేర వెలసిన భూమి ఆకారపు లెక్కమీదనే మన సర్వే పటములు చిరకాలము వచ్చినవి. 2005లోని పటముల విధానమువలననే ప్రజలకు ఉపగ్రహపు లెక్కతో వేరొక వరుస ఏర్పడెను. ఈ రెండు లెక్కలకును మన ప్రాంతమున నూరు మీటర్లకు పైబడిన తేడా కలదు. పాత పటములోని 78వ గీతయు, చేతి ఫోనులోని 78వ గీతయు ఒకటి కావు. ఒక లెక్కలోని అంకెను మరొకదానిలోనికి మార్చవలెనన్నచో రెండింటిలోను కొలిచిన చుక్కలు నేలమీద నిలిచియుండవలెను. చుక్క పోయినచో పాత పటమునకు నేలతో గల ముడి ఒకటి తెగును.

ఏ గుట్టమీదనైన చుక్కయు వలయమును గల రాయి మీకు కనబడవచ్చును. కదల్పక, ఫోటో తీసికొని, అంకెలు వ్రాసికొని, ఆ ఊరి పేరుతో సర్వేశాఖవారికి తెలిపినచో చాలును. ఈ అంకెలలో నిమిషమున వేయవవంతు మన సీమలో రెండు మీటర్లకు లోపే. అందుచేత బోధను బస్సు కిటికీవద్ద ఫోను పట్టుకొని 78 డిగ్రీల 00.000 నిమిషములు వచ్చునేమోయని చూచువానికి అది చిక్కదు. అంకె కన్ను మూసి తెరచునంతలో 77 డిగ్రీల 59 నిమిషములలోనికి జారిపోవును. దిగి నడువవలెను.