పటంలో ఎర్ర ఊళ్లు

బస్సు మళ్లీ ఆగింది.

కంపాలా నుంచి ఎంటెబ్బే ఎయిర్‌పోర్టు నలభై కిలోమీటర్లకి అటూ ఇటూ. మామూలు రోజుల్లో గంటలో చేరిపోయే దారి. ఇవి మామూలు రోజులు కావు. తలుపు తెరుచుకుంది. ముందు తుపాకీ లోపలికొచ్చింది, దాని వెనక సైనికుడు. అందర్నీ దిగమన్నాడు. పెట్టెలు రోడ్డు మీద బోర్లించారు. మడత నలగని చీరలు ఎర్రమట్టిలో పడ్డాయి. ఒకాయన చేతి గడియారం పోయింది. ఒకామె గాజులు పోయాయి. బస్సు కదిలింది. హమ్మయ్య అనుకున్నారు. రెండు మలుపులు తిరిగిందో లేదో, ఎదురుగా ఇంకో అడ్డుకర్ర.

తాత కట్టించిన కొట్టుకి తాళం వేసి, ఆ తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలో తోచక జేబులోనే వేసుకుని, బ్యాంకులో డబ్బు బ్యాంకులోనే, వంటింట్లో గిన్నెలు వంటింట్లోనే వదిలేసి, కుటుంబం మొత్తానికీ కలిపి సుమారు 50 పౌండ్లు మాత్రమే పట్టుకెళ్లనిస్తారంటే సరేనని తలూపి, పిల్లలకి చొక్కా మీద చొక్కా తొడిగి బయల్దేరిన మనుషులు వాళ్లు. ఇంకా దోచుకోడానికి ఏం మిగిలిందని? మిగిలింది. పాస్‌పోర్టు. అది గనక లాక్కుంటే?

ఈ కథ 1972 ఆగస్టు 4న మొదలైంది. ఉగాండాలోని టొరోరోలో సైనికుల ముందు నిలబడి ఇడీ అమీన్ ఒక ప్రకటన చేశాడు. ఆసియావాళ్లు దేశం ఖాళీ చెయ్యాలన్నాడు. తనకి కల వచ్చిందన్నాడు. గడువు 90 రోజులు. వాళ్లలో ఎక్కువమంది గుజరాతీలు. పంజాబీలూ, గోవావాళ్లూ ఉన్నారు. తెల్లదొరల కాలంలో రైలు పనికీ, వ్యాపారానికీ వెళ్లి అక్కడే వేళ్లూనుకున్న కుటుంబాలు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మొంబాసా రైలెక్కి, ఓడలో బొంబాయి దారి పట్టారు. చాలామంది చేతుల్లో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్టు. దానికో మెలిక ఉంది. ఇలాంటివాళ్లు ఒక్కసారిగా రాకుండా 1968లోనే బ్రిటన్ చట్టం చేసింది. ఏటా ఇన్ని వోచర్లే, అంతకు మించి లేదు. పాస్‌పోర్టు తమదే, దేశం మాత్రం తమది కాదు. తలుపు తట్టితే తీస్తారా?

లండన్‌లో ఆ ఆగస్టంతా అట్టుడికింది. 24న స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ కూలీలు పని మానేసి ఊరేగింపు తీశారు. ఆసియావాళ్లని రానివ్వొద్దన్నది ఒకటే కేక. వలసలంటే మండిపడే ఎంపీ ఇనాక్ పావెల్ రోజుకో నిప్పు రాజేస్తున్నాడు. కానీ ప్రభుత్వానికి అటార్నీ జనరల్ పీటర్ రాలిన్సన్ చెప్పింది వేరు. వేరే ఏ దేశమూ తీసుకోనప్పుడు మన పౌరుల్ని మనం తీసుకోవాల్సిందే, అంతర్జాతీయ న్యాయం అదే. ప్రధాని ఎడ్వర్డ్ హీత్ వెనక్కి తగ్గలేదు. వస్తారు. రానిస్తాం. అక్కడితో అసలు చిక్కు మొదలైంది. వేలమందిని ఎక్కడ దించాలి? ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?

జవాబుగా ఒక బోర్డు పుట్టింది. ఉగాండా రీసెటిల్‌మెంట్ బోర్డు. హోంశాఖలో పెద్ద పదవి చేసి దిగిపోయిన సర్ చార్లెస్ కన్నింగ్‌హామ్‌ని దాని కుర్చీలో కూర్చోబెట్టారు. సభ్యుల్లో తూర్పు ఆఫ్రికా ఆసియన్ల తరఫున ఏళ్లుగా గొంతెత్తుతున్న ప్రఫుల్ పటేల్ ఒకరు. ఖజానా తెరిచారు. మూతపడ్డ సైనిక బారకాసుల తలుపులు తీశారు. అలాంటివి పదహారు. దుప్పట్లు, పొయ్యిలు, డాక్టర్లు. డబ్బుకి లోటు చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఆ డబ్బుతోపాటు ఒక పటం కూడా వచ్చింది. దాంట్లో రెండే రంగులు.

ఎరుపు, పచ్చ. లెస్టర్, బర్మింగ్‌హామ్, లండన్‌లో ఈలింగ్, బ్రెంట్ లాంటివి ఎరుపు. మనవాళ్లు అప్పటికే గుమిగూడిన ఊళ్లు, ఇళ్లూ బడులూ నిండిపోయాయని మునిసిపాలిటీలు మొత్తుకుంటున్న ఊళ్లు. అక్కడికి వెళ్లొద్దు. మిగతా దేశమంతా పచ్చ. అక్కడ ఇల్లు చూపిస్తాం, పని చూపిస్తాం. కాగితం మీద తెలివైన లెక్కే. ఇంత బాగా గీసిన పటాన్ని పాడుచేసింది మాత్రం ఒక ఎర్ర ఊరే.

లెస్టర్ కౌన్సిల్‌కి భయం పట్టుకుంది. కారణం లేకపోలేదు. వలసవచ్చినవాళ్లు ఎక్కువున్న ఊళ్లకి 1966 చట్టంలోని 11వ సెక్షన్ కింద కేంద్రం గ్రాంటు ఇచ్చేది. కానీ అది సిబ్బంది జీతాలకే. టీచర్‌ని పెట్టుకోవచ్చు. ఆ టీచర్ నిలబడ్డానికి గది కట్టుకోలేరు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇల్లు అసలే కట్టలేరు. అలాగని ఊరుకోనూ లేరు. వాళ్లొక ఆలోచన చేశారు. మంచిదో చెడ్డదో తర్వాత సంగతి, అలాంటి ఆలోచన ఇంకే ఊరికీ వచ్చినట్టు లేదు.

సెప్టెంబర్ 15. కంపాలాలో పొద్దున్నే 'ఉగాండా ఆర్గస్' పత్రిక విప్పినవాళ్లకి ఒక ప్రకటన కనిపించింది. కింద లెస్టర్ నగరం పేరు. మా దగ్గర వేల కుటుంబాలు ఇంటికోసం వరసలో ఉన్నాయి, వందలమంది పిల్లలు బడిలో సీటుకోసం చూస్తున్నారు, వైద్యం, సంక్షేమం మోయలేనంత బరువుతో ఉన్నాయి, మీ మంచికోరి చెబుతున్నాం, బోర్డు మాట వినండి, లెస్టర్‌కి రాకండి. అదీ సారాంశం. వీసా వరసలో నిలబడ్డవాళ్ల మధ్య ఆ కాగితం చేతులు మారింది. లెస్టర్ పేరు అంతకుముందు వినని వాళ్లు కూడా విన్నారు. అంతమంది మనవాళ్లున్న ఊరా అది?

మూడు రోజులు గడిచాయి. సెప్టెంబర్ 18, లండన్‌కి ఉత్తరాన స్టాన్‌స్టెడ్. మొదటి చార్టర్ విమానం చక్రాలు నేలకి తగిలాయి. లోపల 193 మంది. తలుపు తియ్యగానే చలి మొహాన కొట్టింది. చెప్పుల్లోంచి పాదాలు బిగుసుకుపోయాయి. కింద కెమెరాలు, మైకులు. దారిలో సైనికులు ఎలా దోచారో వాళ్లు చెబుతుంటే విలేకరులు రాసుకుంటున్నారు. ఇంకాస్త అవతల స్వచ్ఛంద సేవకురాళ్లు కోట్ల గుట్ట ముందు నిలబడ్డారు. ఎవరో వాడి ఇచ్చేసిన ఉన్ని కోట్లు. కొలతలు కుదరవు. నైలాన్ చీర మీద మోకాళ్లు దాటే మగవాళ్ల కోటు, చేతులు వేళ్లదాకా, మెడ దగ్గర బొత్తాం పట్టదు. కొంగు లోపల దోపాలా, బయట వదలాలా? తేల్చుకునేలోపే బస్సులు హారన్ కొట్టాయి.

ఆ బస్సులు సఫక్ జిల్లాలో స్ట్రాడిషల్ అనేచోట ఆగాయి. ఒకప్పటి వైమానిక దళం స్థావరం. పొడుగాటి బారకాసులు, ఇనుప మంచాలు. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దుప్పటే గోడ. మొదటి పూట కంచంలో ఉడకేసిన బంగాళాదుంప. ఉప్పు తప్ప ఏమీ లేదు. పెద్దవాళ్లు అందులో ఏం కలిసిందోనని భయపడి ముట్టలేదు. కొన్నాళ్లకి క్యాంపుల్లో మనవాళ్లే వంటింట్లోకి దూరారు. మిరపకాయ వాసన వచ్చాక గానీ పిల్లలు సరిగ్గా తిన్లేదు. ఇంకొన్ని బస్సులు వేల్స్ సముద్రపొడ్డున టోన్‌ఫానౌ దాకా వెళ్లాయి. అక్కడ రాత్రంతా గాలి కిటికీలు కొడుతూనే ఉంటుంది. తెల్లారితే మాత్రం అన్ని క్యాంపుల్లోనూ ఒకటే పని, బల్లల ముందు వరస కట్టడం.

ఒక బల్ల దగ్గర భత్యం. ఒక బల్ల దగ్గర ఉద్యోగం. ఒక బల్ల దగ్గర పిల్లల చదువు. ఊరుకాని ఊళ్లో ఏ ఆఫీసు ఎక్కడుందో వెతుక్కునే పనిలేకుండా ఆఫీసులే మంచాల దాకా నడిచొచ్చాయి. బోర్డు చేసిన పనుల్లో ఇది నిఖార్సైన మేలు. చివరి బల్ల మాత్రం వేరు. దాని వెనక ఆ పటం.

ఏ క్యాంపులో చూసినా సంభాషణ అటూ ఇటూగా ఇదే.

"ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?"

"లెస్టర్."

"అది ఎర్ర ఊరు. స్కాట్లాండ్‌లో కౌన్సిల్ ఇల్లు ఉంది. రేపే తాళం ఇస్తాం."

దుభాషీ గుజరాతీలో చెప్పాడు. ఎదురుగా కూర్చున్నావిడ పక్కనున్న అత్తగారి వైపు చూసింది. అత్తగారికి ఇంగ్లిష్ రాదు. గుడి కావాలి. బియ్యం, పప్పు దొరకాలి. పలకరించే మనిషి ఉండాలి.

"అక్కడ మనవాళ్లు ఎవరున్నారు భాయ్?"

"ఎవరూ లేరు బెన్."

"అయితే లెస్టరే. మా మరిది ఉన్నాడు. ఒక గదిలో సర్దుకుంటాం."

అధికారి కలం ఆగింది. ఆపే హక్కు అతనికి లేదు. ఎదురుగా ఉన్నది బ్రిటిష్ పౌరురాలు, దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. ఎర్ర ఊళ్లో తాను ఇల్లు వెతికిపెట్టడు, అంతవరకే. ఇలా ఒక్కొక్కరే పెట్టె సర్దుకుని స్టేషన్ దారి పట్టారు. పచ్చ ఊళ్లకి వెళ్లి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు, కాదనలేం. అసలు క్యాంపు మొహమే చూడకుండా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా చుట్టాలింటికి పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. నవంబర్ 8న గడువు ముగిసేసరికి బ్రిటన్ చేరినవాళ్లు దాదాపు 28 వేలు. వాళ్లలో 22 వేల దాకా క్యాంపుల మీదుగానే వెళ్లారు. డిసెంబర్ వచ్చింది. బారకాసులు ఖాళీ అవుతున్నాయి. కొన్ని మంచాలు మాత్రం కదలడం లేదు.

అవి ఆడవాళ్ల మంచాలు. పక్కన పిల్లలు. భర్తలు లేరు. భార్యది బ్రిటిష్ పాస్‌పోర్టు, భర్తది ఉగాండా పౌరసత్వం. దాన్ని అమీన్ మనుషులు చెల్లదని కొట్టేశారు. ఏ దేశమూ లేని మనిషయ్యాడు. అలాంటివాళ్లని ఐక్యరాజ్యసమితి ఇటలీ, ఆస్ట్రియా, మాల్టా లాంటి చోట్ల తాత్కాలిక శిబిరాలకి తరలించింది. భార్య ఒక దేశపు క్యాంపులో, భర్త ఇంకో దేశపు క్యాంపులో. బ్రిటన్ లెక్కలో ఇంటిపెద్ద మగవాడు. భర్త వెంట భార్య రావచ్చు, భార్య వెంట భర్త రావడానికి నిబంధన లేదు. ఇల్లు ఇస్తామంటే ఆమె ఎలా పుచ్చుకుంటుంది? అద్దె కట్టే మనిషి మాల్టాలో ఉన్నాడు. ఖజానా ఆమెకి మంచం ఇస్తోంది, భోజనం పెడుతోంది, పిల్లల్ని బడికి పంపుతోంది. ఆ ఖర్చంతా ఒక్క సంతకంతో తీరిపోయేది. ఆ సంతకమే పడటం లేదు.

జనవరి గడిచింది. స్వచ్ఛంద సంస్థలు వదల్లేదు, ఉత్తరాల మీద ఉత్తరాలు. ఫిబ్రవరి 1973లో హోంమంత్రి రాబర్ట్ కార్ దిగొచ్చాడు. ఆ భర్తల్ని రానిస్తామన్నాడు.

వాళ్లు దిగారు. పెళ్లాం పిల్లల్ని కలిశారు. మళ్లీ అదే బల్ల, అదే పటం. ఈసారి కుర్చీలో ఇద్దరూ కూర్చున్నారు. అధికారి పచ్చ ఊళ్ల జాబితా చదవడం మొదలెట్టాడు. రెండో పేరు దాటకముందే భర్త భార్య వైపు తిరిగి, తమ్ముడి ఇంటి అడ్రసు రాసుకున్న కాగితం ఎక్కడ పెట్టావని అడిగాడు.