షేక్‌స్పియర్‌కీ తప్పులు పట్టారు: మన ఎగ్జామ్ ఇంగ్లిష్ వెనకున్న కథ

ఇవాళ్టి చరిత్ర ముచ్చట ఒక బిట్‌తో మొదలుపెడదాం. వింటూనే మనసులో జవాబు అనుకోండి.

"వుయ్ డిస్కస్డ్ / అబౌట్ ద ప్రాబ్లమ్ / ఇన్ ద మీటింగ్ / నో ఎర్రర్." తప్పు ఏ ముక్కలో ఉంది?

కోచింగ్‌కి వెళ్లినవాళ్లు టక్కున "రెండో ముక్క" అంటారు. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. కరెక్టే, మార్కు వచ్చేసింది. కానీ ఆ 'అబౌట్' మన నోటికి ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెలుగులో మనం సమస్య 'గురించి' చర్చిస్తాం కదా. ఆ 'గురించి'యే ఇంగ్లిష్‌లోకి వెళ్లి 'అబౌట్' అయి కూర్చుంది. అంటే ఆ తప్పు బుర్ర లేక వచ్చింది కాదు, తెలుగు గట్టిగా వచ్చినందుకు వచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలుంటే అందులో 25 ఇంగ్లిష్. 200 మార్కుల్లో 50. తప్పు పెడితే అర మార్కు కట్. 2023 నుంచి ఎంటీఎస్ పరీక్షను తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో కూడా రాయొచ్చు. చాలా మంచి మార్పు. కానీ లెక్కలు, రీజనింగ్, జీకే తెలుగులోకి వచ్చినా ఇంగ్లిష్ సెక్షన్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. మీర్‌పేట్‌లో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కి పోయే పిల్లలకైనా, ఇబ్రహీంపట్నం వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకైనా చివరికి భయం పుట్టించేది ఈ సెక్షనే.

మరి 'కరెక్ట్' అని డిసైడ్ చేసిందెవరు? తప్పు వాక్యం ఇచ్చి తప్పు పట్టమనే ఈ ఆట ఎవరు మొదలుపెట్టారు?

దీనికోసం మనం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కి వెళ్లాలి. బొగ్గు గనుల ఊరు. 1750 ప్రాంతంలో అక్కడ ఆన్ ఫిషర్ అనే పంతులమ్మ ఉండేది. అమ్మాయిల కోసం బడి నడిపింది, ఒక గ్రామర్ పుస్తకం కూడా రాసింది. ఆ పుస్తకంలో కొత్త సంగతి ఏంటంటే, కావాలని తప్పుగా రాసిన వాక్యాలిచ్చి, పిల్లల్ని దిద్దమనేది. 'బ్యాడ్ ఇంగ్లిష్' ఎక్సర్‌సైజులు అనేవాళ్లు. మనం 'స్పాటింగ్ ఎర్రర్స్' అంటున్నది అదే. వయసు దాదాపు రెండు వందల డెబ్బై ఏళ్లు!

అప్పట్లో ఇంగ్లండ్‌లో వ్యాపారం పెరిగి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కొత్త జనం పైకి వస్తున్నారు. డబ్బుంది, కానీ నోరు విప్పితే యాస దొరికిపోతుంది. పెద్దింటివాళ్లలా మాట్లాడాలి, రాయాలి. గ్రామర్ పుస్తకాలకి గిరాకీ అక్కడే పుట్టింది. అంటే మొదటి నుంచీ ఇది భాష నేర్పే పనొక్కటే కాదు, గడప దాటించే పని కూడా.

1762లో రాబర్ట్ లౌత్ అనే మతాధికారి ఇంకో గ్రామర్ తెచ్చాడు. తర్వాత లండన్ బిషప్ కూడా అయ్యాడు. ఆ పుస్తకంలో పేజీ అడుగున ఫుట్‌నోట్లుంటాయి. వాటిలో ఎవరెవరి తప్పులు పట్టాడో తెలుసా? షేక్‌స్పియర్, మిల్టన్, ఆఖరికి బైబిల్ ఇంగ్లిష్ అనువాదం! రూల్ ముందు పెట్టుకుని, దానికి తగ్గట్టు రాయని మహాకవులనే తప్పుపట్టాడన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

1795లో లిండ్లీ మర్రే గ్రామర్ వచ్చింది. ఆయన అమెరికా లాయరు, ఇంగ్లండ్‌లో యార్క్ దగ్గర స్థిరపడ్డాడు. అక్కడి ఆడపిల్లల బడి కోసం రాసిన ఆ పుస్తకం లెక్కలేనన్ని కాపీలు అమ్ముడైంది. రెండేళ్లకి విడిగా ఎక్సర్‌సైజుల పుస్తకం కూడా వచ్చింది. తప్పు వాక్యాలతో గ్రామర్ నేర్పడం అలా బడుల్లో పాతుకుపోయింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1835లో మెకాలే మినిట్ గురించి బడిలో చదివే ఉంటారు. దానికంటే మన కథకి ముఖ్యమైన సంవత్సరం 1844. ఆ ఏడాది గవర్నర్ జనరల్ హార్డింజ్, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లకి ప్రాధాన్యం అని తీర్మానం చేశాడు. అంతే, ఇంగ్లిష్ అంటే ఉద్యోగం, ఉద్యోగం అంటే ఇంగ్లిష్ అయిపోయింది. 1857లో మద్రాస్ యూనివర్సిటీ వచ్చింది. కోస్తా, రాయలసీమ పిల్లలు ఆ పరీక్షల దారిలో నడవడం మొదలుపెట్టారు.

మన తెలంగాణ దారి వేరు. ఇక్కడ నిజాం రాజ్యం. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు ఉర్దూలో చెప్పేవాళ్లు. ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు, కానీ చదువు మాధ్యమం కాదు. ఇంట్లో తెలుగు, చదువు ఉర్దూ. 1948లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. ఆఫీసు ఫైళ్లు ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కి మారడం మొదలైంది. నిన్నటిదాకా చదువుకున్నవాడు అనిపించుకున్న మనిషి ఒక్కసారిగా 'ఇంగ్లిష్ రానివాడు' అయిపోయాడు. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు బయటి నుంచి ఉద్యోగాల్లోకి వచ్చారు. ఆ కడుపుమంటే 1952 ముల్కీ ఉద్యమానికి ఒక పెద్ద కారణం. ఆ సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒక భాష పరీక్ష ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని గడప బయటే ఆపుతుంది అన్నది మన నేల మీద అంత పెద్ద ప్రశ్న అయింది.

1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌ని హైదరాబాద్‌లోనే పెట్టారు, ఇంగ్లిష్ టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి. అదే తర్వాత సీఫెల్ అయింది, ఇవాళ ఉస్మానియా పక్కనున్న ఇఫ్లూ అదే.

పుస్తకాల సంగతికొస్తే, 'రెన్ అండ్ మార్టిన్' పేరు తెలియని ఆస్పిరెంట్ ఉండడు. 1930లలో వచ్చింది. ఆ రెన్ ఎవరనుకున్నారు? 'బో జెస్ట్' అనే సాహస నవల రాసిన పి.సి. రెన్. బొంబాయిలో విద్యాశాఖలో పనిచేశాడు. తర్వాతి ఎడిషన్ల కవర్ మీద ఇంకో పేరుంటుంది చూడండి: రివైజ్ చేసిన ఎన్.డి.వి. ప్రసాదరావు గారు. మనలో చాలామంది చదివింది ఆయన దిద్దిన పుస్తకమే.

మరి నాలుగు ఆప్షన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1910లలో అమెరికాలోని కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన ఒక రీడింగ్ టెస్ట్ తయారుచేశాడు. టీచర్ అభిప్రాయంతో పని లేకుండా, ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలని ఆయన ఆలోచన. 1926లో శాట్ వచ్చింది. 1938లో ఐబీఎం పెన్సిల్ గుర్తుల్ని చదివే మెషిన్ తెచ్చింది. 1964లో టోఫెల్ మొదలైంది. లక్షలమందికి పరీక్ష పెట్టాలంటే ఇంతకంటే చవకైన దారి లేదు. సిఫారసులు, పలుకుబడి నడిచే చోట పేదింటి పిల్లాడికి ఇది మేలే చేసింది, అది ఒప్పుకోవాలి.

కానీ ఒక చిక్కుంది. మెషిన్‌కి ఒక్క ప్రశ్నకి ఒక్కటే జవాబు కావాలి. భాషలో కొన్నిచోట్ల రెండు జవాబులుంటాయి. అప్పుడేమవుతుంది?

2002 అక్టోబర్‌లో అమెరికాలో పీశాట్ జరిగింది. అందులో రచయిత్రి టోనీ మారిసన్ మీద ఒక వాక్యం ఇచ్చారు. కీ ప్రకారం జవాబు 'నో ఎర్రర్'. మేరీల్యాండ్‌లోని ఒక హైస్కూల్ టీచర్ ఒప్పుకోలేదు. 'మారిసన్స్' అని 'స్' తగిలించాక, వెనకాల వచ్చే 'హర్' అనే సర్వనామం ఆ పేరుని సూచించకూడదని కొన్ని గ్రామర్ పుస్తకాల్లో ఉంది కదా అన్నాడు. ముందు కుదరదన్నారు. ఆయన వదల్లేదు, మళ్లీ మళ్లీ రాశాడు. చివరికి 2003లో ఆ ప్రశ్నని లెక్కలోంచి తీసేసి మార్కులు మళ్లీ వేశారు. మజా ఏంటంటే, ఆ వాక్యంలో తప్పే లేదని చాలామంది భాషాశాస్త్రవేత్తలు అన్నారు! ఆ రూల్‌ని మంచి రచయితలెవరూ పాటించరన్నారు. మరి ప్రశ్న ఎందుకు పోయింది? రూల్ పుస్తకాలే ఒకదానితో ఒకటి కలవలేదు కాబట్టి.

ఇక్కడ మన సొంత కథ ఒకటి చెప్పాలి. కెల్లీ టెస్ట్ తయారుచేస్తున్న ఆ రోజుల్లోనే, మద్రాస్ యూనివర్సిటీలో అచ్చం ఇదే గొడవ నడిచింది. ఇంగ్లిష్ మీద కాదు, తెలుగు మీద! పరీక్షలో పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? పుస్తకాల గ్రాంథికంలోనా, జనం మాట్లాడుకునే వ్యావహారికంలోనా? జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు గ్రాంథికం వైపు నిలబడ్డారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు జనం భాష వైపు. 1914లో గురజాడ యూనివర్సిటీకి తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు. అయినా యూనివర్సిటీ గ్రాంథికం వైపే మొగ్గింది. మరుసటేడు ఆయన కన్నుమూశారు.

గిడుగు ఒక గమ్మత్తైన పని చేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే, వాళ్ల వ్యాకరణం ప్రకారం తప్పులు ఏరి చూపించారు. మీరే పాటించలేని రూలు పిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతారని అడిగారు. ఇందాక లౌత్ సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. లౌత్ తప్పులు ఏరి, రాసినవాళ్లు తప్పన్నాడు. గిడుగు తప్పులు ఏరి, రూలే తప్పన్నారు. పని ఒకటే, తీర్పు ఉల్టా.

ఆ రోజు పరీక్షలో ఓడిపోయిన భాషలోనే ఇవాళ మన పేపర్లు, పాఠాలు, గ్రూప్స్ మెటీరియల్ అన్నీ ఉన్నాయి. గిడుగు పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం అయింది. ఇంగ్లిష్ వైపూ గాలి కొంచెం మారుతోంది. 2005లో వచ్చిన ఇంటర్నెట్ టోఫెల్‌లో గ్రామర్ సెక్షన్ విడిగా లేదు. 2023 చివర్లో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు. 'ప్రీపోన్' అనే మన మాటకి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఇండియన్ ఇంగ్లిష్‌గా చోటు దొరికింది. మన ఎస్ఎస్‌సీలో, బ్యాంక్ పరీక్షల్లో మాత్రం ఆన్ ఫిషర్ గారి ఆట ఇంకా సాగుతోంది.

మరి మనమేం చేయాలి? రూల్స్ మనుషులు పెట్టినవే కదా అని వదిలేస్తే ఉద్యోగం పోతుంది. అందుకే ఈ చరిత్రని ప్రిపరేషన్‌కి వాడుకుందాం. తప్పుల్ని నాలుగు కుప్పలు చేసుకోండి.

మొదటి కుప్ప, తెలుగు నీడలు. 'డిస్కస్ అబౌట్' ఇందాక చూశాం. తెలుగులో '2022 నుంచి' అన్నా, 'రెండేళ్ల నుంచి' అన్నా ఒకటే 'నుంచి'. ఇంగ్లిష్‌లో మొదటిది 'సిన్స్', రెండోది 'ఫర్'. రాజు'తో' పెళ్లి అంటాం కాబట్టి 'మ్యారీడ్ విత్' అని వస్తుంది, పరీక్షలో 'మ్యారీడ్ టు' పెట్టాలి. తప్పు చేసిన ప్రతిసారీ దాని తెలుగు వాక్యం పక్కన రాయండి. కారణం కనిపిస్తే మళ్లీ చేయరు.

రెండో కుప్ప, భాష అసలు కట్టుబాటు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్' లాంటివి. ఇంగ్లిష్ రాసేవాళ్లందరూ పాటిస్తారు. రోజూ ఒక పేజీ పైకి చదివితే చెవికి పట్టేస్తుంది.

మూడోది, పుస్తకం రూల్స్. 'లెస్ట్' వస్తే 'షుడ్', 'నో సూనర్' వస్తే 'దాన్', 'హార్డ్‌లీ' వస్తే 'వెన్'. లెక్కపెట్టగలిగేవాటికి 'లెస్' కాదు 'ఫ్యూయర్' అన్న సలహా 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇచ్చింది, అదీ తనకి అలా బాగుంటుందనిపించి! ఇవి ట్రాఫిక్ రూల్స్ లాంటివి. ఎందుకని అడగొద్దు, లిస్టు రాసుకుని బట్టీ కొట్టండి.

నాలుగోది, ఇడియమ్స్. వీటిలో లాజిక్ వెతికితే దొరకదు, కథ వెతకండి. 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' అంటే ఉన్నచోటికే మళ్లీ మోసుకెళ్లడం, అనవసర పని. ఆన్ ఫిషర్ ఊరు బొగ్గు ఊరని మొదట్లోనే చెప్పుకున్నాం. మన సింగరేణికి బొగ్గు పంపినట్టన్నమాట. ఇక మర్చిపోతారా?

ఇంకో మాట. ప్రైమరీ కీ వచ్చాక అభ్యంతరం పెట్టే అవకాశం ఉంటే, ఆధారం చేతిలో ఉంటే, వెనకాడకండి. మేరీల్యాండ్ టీచర్ చేసింది అదే.

ఫ్రెండ్స్, ఆ 25 ప్రశ్నలు మీకు ఒక రూల్ బుక్ ఎంత వచ్చో కొలుస్తాయి. మీ తెలివిని కొలవలేవు, మీ అమ్మ నేర్పిన భాష విలువని అసలే కొలవలేవు. షేక్‌స్పియర్ ఆ పరీక్ష రాసినా లౌత్ గారి చేతిలో మార్కులు పోయేవి. కాబట్టి సిగ్గుపడకుండా నేర్చుకోండి, పంతం పట్టి మార్కులు కొట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, ఆల్ ద బెస్ట్.