కార్ పార్కింగ్‌తో అద్దె ఫ్లాట్ వెతుకుతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో టులెట్ బోర్డులపైనా, రెంటల్ యాప్‌లలోనూ ‘కార్ పార్కింగ్ కలదు’ అనే మాట తరచూ కనిపిస్తుంది. ఆ స్థలం ఎవరికి కేటాయించారు, అందులో మీ కారు పడుతుందా అన్నది మాత్రం ఉండదు. అడ్వాన్స్ కట్టి, సామాన్లు దించాక ‘ఖాళీ ఉంటే పెట్టుకోండి సార్’ అని వాచ్‌మన్ చెబితే, అప్పుడు అద్దెదారు చేయగలిగింది తక్కువే. కారు రాత్రిళ్లు రోడ్డు మీద ఉంటుంది.

పార్కింగ్ స్థలం ఎవరిది?

ఓనర్‌కు ఉన్న హక్కే అద్దెదారుకు వస్తుంది. ఓనర్‌కు స్లాట్ లేకపోతే మీకు ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు.

2016 నాటి రెరా చట్టం ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి ప్రదేశంగా పేర్కొంది. అంతకుముందు 2010లో ముంబయికి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, ఓపెన్, స్టిల్ట్ పార్కింగ్‌ను ఫ్లాట్‌లా విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం ఆధారంగా వచ్చింది.

వాడకంలో మాత్రం చాలాచోట్ల సేల్ డీడ్‌లోనో, అసోసియేషన్ రికార్డులోనో ఫ్లాట్‌కు ఫలానా స్లాట్ అని రాసి ఉంటుంది. కాబట్టి ఓనర్‌ను స్లాట్ నంబర్ అడగండి. సేల్ డీడ్‌లో ఆ పేజీ గానీ, అసోసియేషన్ కేటాయింపు లెటర్ గానీ చూపించమనండి. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ల కంటే కారు స్థలాలు తక్కువగా ఉండొచ్చు. అలాంటిచోట ఓనర్ మాటతో పాటు అసోసియేషన్ సెక్రటరీ మాట కూడా వినాలి.

ఎప్పుడు వెళ్లి చూడాలి?

పగలు చాలా కార్లు ఆఫీసులకు వెళ్లిపోతాయి కాబట్టి సెల్లార్ ఖాళీగా కనిపిస్తుంది. రాత్రి 9 దాటాక ఒకసారి వెళ్లండి. అప్పుడు ఇవి గమనించండి:

- మీకు చూపించిన స్లాట్‌లో వేరే కారు ఉందా? ఉంటే ఎవరిది?
- మీ కారు వెనుక ఇంకో కారు పెడతారా? పెడితే ఉదయం తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?
- పిల్లర్లు అడ్డు రాకుండా డోర్ తెరుచుకుంటుందా? చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు 4 మీటర్లలోపే ఉంటాయి. పెద్ద ఎస్‌యూవీలు 4.5 మీటర్లు దాటుతాయి. టేపుతో కొలవడమే మేలు.
- వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లు వస్తాయా? ఈ సంగతి వాచ్‌మన్‌కు బాగా తెలుస్తుంది.

అగ్రిమెంట్‌లో ఏం రాయించాలి?

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అందుకే ఎక్కువగా 11 నెలల అగ్రిమెంట్లు రాసుకుంటారు. రెడీమేడ్ నమూనాలో పార్కింగ్ ప్రస్తావన లేకపోతే ఈ వాక్యం చేర్పించండి: ‘ఫలానా నంబర్ ఫ్లాట్, స్టిల్ట్‌లోని ఫలానా నంబర్ కారు స్లాట్, ఒక బైకు స్థలం కలిపి నెలకు అద్దె ఇంత.’

పార్కింగ్‌కు విడిగా డబ్బు అడిగితే ఆ మొత్తం, అది ఓనర్‌కు కట్టాలా, అసోసియేషన్‌కు కట్టాలా అన్నది కూడా రాయించండి. స్లాట్ ఇవ్వలేకపోతే అద్దెలో ఎంత తగ్గిస్తారో, లేదా నోటీసు కాలం లేకుండా ఖాళీ చేసి అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చో ముందే తేల్చుకోండి.

ఎలక్ట్రిక్ కారు ఉంటే?

ఇంటికి ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే కారును ఛార్జ్ చేసుకోవచ్చని 2022లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే మీ ఫ్లాట్ మీటర్ నుంచి స్లాట్ దాకా వైరు లాగాలంటే ఓనర్, అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఆ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఖర్చు ఎవరిదో అందులోనే ఉండాలి.

చేరాక గొడవ వస్తే?

మీ స్లాట్‌లో వేరేవాళ్లు కారు పెడుతుంటే తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసి ఓనర్‌కు మెసేజ్ లేదా మెయిల్ పంపండి. ఒప్పందం మీకూ ఓనర్‌కూ మధ్య కాబట్టి అసోసియేషన్‌తో మాట్లాడే బాధ్యత మొదట ఆయనదే.

పార్కింగ్ స్థలాన్ని గోడౌన్‌గానో, షాపుగానో మార్చేసి ఉంటే అది వేరే విషయం. ప్లాన్‌లో పార్కింగ్‌కు చూపిన స్థలాన్ని మరో పనికి వాడటం భవన నిర్మాణ నిబంధనలకు విరుద్ధం. దీనిపై మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు.