నోరి దత్తాత్రేయుడు

నోరి దత్తాత్రేయుడు (జననం: 1947 అక్టోబరు 21) అమెరికాలో స్థిరపడిన తెలుగు రేడియేషన్ ఆంకాలజిస్టు. రేడియోధార్మిక పదార్థాన్ని క్యాన్సర్ గడ్డ లోపల గానీ, గడ్డను ఆనుకొని గానీ ఉంచి చేసే బ్రాకీథెరపీలో అంతర్జాతీయ ఖ్యాతి పొందారు. స్వస్థలం కృష్ణా జిల్లా మంటాడ. కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, ఉస్మానియాలో పీజీ చేసి 1970లలో అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతి అయ్యారు.

తెలుగులో వచ్చిన పరిచయాల్లో ఆయనను ఒక్కోసారి ఈ చికిత్సకు ఆద్యుడిగా చెప్పడం కనిపిస్తుంది. అది సరికాదు. దీని చరిత్ర ఇంకా పాతది. 1901లో పియరీ క్యూరీ ప్యారిస్ చర్మవైద్యుడు దాన్లోకు రేడియం ఇవ్వడాన్ని ఎక్కువమంది ఆరంభంగా లెక్కిస్తారు. రేడియాన్ని గడ్డ లోపలే ఉంచవచ్చని 1903లో సూచించినది టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్. ఎక్స్‌రే చికిత్స విషయంలోనూ ఇలాంటి వివాదమే ఉంది. 1896 జనవరిలోనే రొమ్ము క్యాన్సర్‌కు ఎక్స్‌రే ఇచ్చానని షికాగోకు చెందిన ఎమిల్ గ్రుబ్బే చెప్పుకున్నారు గానీ, ఆ మాట చాలా ఏళ్ల తర్వాతిది. 1896 జులైలో లియాన్ వైద్యుడు దెపెన్యే కడుపు క్యాన్సర్‌కు చేసిన చికిత్స వివరాలు అప్పుడే అచ్చయ్యాయి కాబట్టి, దానినే నమ్మదగిన తొలి ఆధారంగా తీసుకోవడం మేలు.

నోరి స్థానం తర్వాతి దశలోనిది, అయినా తక్కువది కాదు. ఖాళీ గొట్టాలను ముందు అమర్చి, రేడియోధార్మిక మూలాన్ని ఆ తర్వాత పంపే 'ఆఫ్టర్‌లోడింగ్' విధానాన్ని ఆయన రాకకు ముందే మెమోరియల్‌లో ఉల్రిచ్ హెన్ష్కే తీర్చిదిద్దారు. వైద్యులకూ నర్సులకూ రేడియేషన్ ముప్పు దానితో బాగా తగ్గింది. ప్రోస్టేటు గ్రంథిలో అయోడిన్-125 గింజలు అమర్చడంలో పేరొందిన బాసిల్ హిలారిస్‌తో కలిసి నోరి పనిచేశారు. హిలారిస్, నోరి, ఆండర్సన్ కలిసి రాసిన 'అట్లాస్ ఆఫ్ బ్రాకీథెరపీ' 1988లో వెలువడింది.

పాత పద్ధతిలో రోగి ప్రత్యేక గదిలో రెండుమూడు రోజులు కదలకుండా పడుకోవలసి వచ్చేది. గంటకు 12 గ్రేలకు (గ్రే: రేడియేషన్ మోతాదు కొలమానం) మించిన వేగంతో మోతాదునిచ్చే 'హై డోస్ రేట్' యంత్రాలు వచ్చాక చికిత్స నిమిషాల పని అయింది. స్త్రీల క్యాన్సర్లలో ఈ యంత్రాల వాడకంపై నోరి విస్తృతంగా పనిచేశారు. 'కరెంటు పెట్టించుకోవడానికి', అంటే రేడియేషన్ చికిత్సకు, పల్లెల నుంచి ఆలస్యంగా వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులు ఎక్కువగా ఉన్న మన దేశానికి ఇది ఎంతో అవసరమైన మార్పు. ఒకే యంత్రంతో రోజుకు పలువురికి చికిత్స చేయవచ్చు. అయితే ఇందులో వాడే ఇరిడియం-192 అర్ధాయుష్షు సుమారు 74 రోజులే. కొన్ని నెలలకోసారి దానిని మార్చే ఖర్చు చిన్న ఆసుపత్రులకు భారం.

ఎన్.టి.రామారావు భార్య, 1984లో క్యాన్సర్‌తో మరణించిన బసవతారకానికి వైద్యం చేసినవారిలో నోరి ఒకరని, హైదరాబాదులో ఆమె పేరిట క్యాన్సర్ ఆసుపత్రి కట్టాలన్న ఆలోచనలో ఆయన ప్రోత్సాహం ఉందని చెబుతారు. ఆ ఆసుపత్రి 2000లో ప్రారంభమైంది.

 

నోరి ఆత్మకథ 'ఒదిగిన కాలం' పేరుతో వెలువడింది. 2015లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది.